మానేయమని చెప్పని పుస్తకం

పళ్ళ ఆసుపత్రిలో చీటీలు రాసే ఆమెను అందరూ పుస్తకాలమ్మ అనేవారు. అలాగని పెద్ద చదువరేమీ కాదు. బస్సులో నాలుగు పేజీలు, భోజనం దగ్గర నాలుగు పేజీలు, అంతే. కాకపోతే చదివింది పదిమందికీ చెప్పకపోతే ఆమెకు అన్నం సయించదు. దవడ వాచి మూలుగుతున్నవాళ్ళని కూడా వదిలేది కాదు. "ఈ నవల మొన్నే వచ్చిందండీ. ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఇల్లు అమ్మడానికి చేరి, ఇల్లొక్కటి తప్ప అన్నీ పంచుకుంటారు. మొదట్లో కాస్త ఓర్చుకోండి, తర్వాత అదే లాక్కుపోతుంది" అనేది. నవలలు గిట్టనివాళ్ళకు ఉప్పు చరిత్ర అనో, నిద్ర ఎందుకు పట్టదు అనో ఇంకో కొత్త పుస్తకం చెప్పేది. నోరు తెరవలేనివాళ్ళు ఎలాగూ కాదనలేరు. సగం మత్తు నువ్వే ఎక్కిస్తున్నావని డాక్టరమ్మ నవ్వేది.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. బావ ఉద్యోగం మానేశాడట. లిఫ్టులు బాగుచేసే పని, పెళ్ళికి ముందునుంచీ చేస్తున్నదే. ఎందుకు మానేశారంటే, మరదలిచ్చిన పుస్తకం కళ్ళు తెరిపించిందన్నాడట.

"నా కొంపలో నిప్పులు పోశావు కదే" అంది అక్క. జవాబు వినకుండా పెట్టేసింది.

అక్కడినుంచి పుస్తకాలమ్మ కాలు కాలిన పిల్లి అయిపోయింది. పై పన్ను పీకాల్సిన మనిషి చీటీ మీద కింది పన్ను అని రాసింది. డాక్టరమ్మ చూసుకుంది కాబట్టి సరిపోయింది.

బావ పుట్టినరోజుకి ఆమె కొనిచ్చిన పుస్తకమది. నర్సు మొదలుకొని ఓడలో వంటవాడి దాకా రకరకాలవాళ్ళు తమ పని గురించి చెప్పుకున్న మాటలు. తన దగ్గరున్న ప్రతిని బస్సులో మళ్ళీ తిరగేసింది. మానేయమని ఎక్కడా లేదు. పైగా ఒక వడ్రంగి, పని మానేశాక తన చేతులు తనవి కానట్టు ఉన్నాయని వాపోతాడు. మరి బావ కళ్ళు తెరిపించిన పేజీ ఏది? ఆ కంగారు అడుగున, ఒకరికి చెప్పుకోలేని సంతోషం కూడా ఒకటి మెదిలింది. ఇన్నేళ్ళుగా పుస్తకాలు చెబుతుంటే "చూద్దాంలే" అన్నవాళ్ళే గానీ, ఒక్కరూ ఇంత పని చేయలేదు. వెంటనే అక్క గొంతు గుర్తొచ్చేది. ఛీ, ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకునేది. దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి అక్క ఇంటికి వెళ్ళింది. అక్క ఇంకా పనినుంచి రాలేదు. బావ ఇంట్లో కుర్చీలన్నీ బోర్లించి, వదులుగా లేని మరలు కూడా బిగిస్తున్నాడు. మంచినీళ్ళు తాగుదామని ఫ్రిజ్ దగ్గరకెళ్తే దాని మీద కనబడింది పుస్తకం. పైనున్న ప్లాస్టిక్ కాగితమైనా చింపలేదు.

"బావా, ఇది విప్పనే లేదు" అంది.

అతను తల ఎత్తలేదు. "ఏదో ఒకటి చెప్పాలి కదా. నీ పుస్తకమంటే మీ అక్క నమ్ముతుంది."

తప్పు తనది కాదని తేలినందుకు గుండె తేలిక పడాలి. పడకపోగా, ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. అసలు సంగతేమిటని నిలదీసింది.

చాలాసేపు నసిగి చెప్పాడు. ఆ మధ్య ఒక ఎత్తైన భవనంలో లిఫ్టు పైకప్పు మీద నిలబడి పనిచేస్తుంటే, అది ఉన్నట్టుండి కిందికి జారింది. కొంచెం దూరమే, బ్రేకు పట్టేసింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. తోటివాళ్ళు నవ్వారు, తనూ నవ్వాడు. మర్నాటినుంచి మాత్రం తలుపు తెరిచి ఆ చీకటి గుంతలోకి చూస్తే మోకాళ్ళు నిలవడం లేదు. లిఫ్టు ఎక్కడానికే భయమేసి, లిఫ్టు బాగుచేయడానికి మెట్లెక్కి వెళ్ళిన రోజులున్నాయి.

"పుస్తకం చదివి మానేశానంటే పిచ్చోడంటారు" అన్నాడు. "పిరికివాడు అనరుగా."

ప్రతి మనిషికీ ఒక పుస్తకం చెప్పగల పుస్తకాలమ్మకు ఆ క్షణాన ఒక్కటీ తోచలేదు. మెల్లగా అంది. "ఇది అక్కకు నువ్వే చెప్పాలి బావా. నేను చెప్పను. చెప్పేదాకా కదలను కూడా."

అక్క వచ్చింది. చెల్లెల్ని చూసి ముఖం ముడుచుకుంది. బావ చేతిలో స్క్రూడ్రైవరు తిప్పుకుంటూ, దానికే చెబుతున్నట్టుగా ఏ రోజు జరిగిందో సహా అంతా చెప్పాడు. అక్క అరుస్తుందనుకున్నారు ఇద్దరూ. ఆమె సంచి కింద పెట్టి గోడకానుకుని నిలబడింది.

"అది జరిగిన రోజు ఇంటికొచ్చి నాతో ఏం మాట్లాడారు?"

అతనికి గుర్తులేదు.

"పాల ప్యాకెట్టు కారిందని విసుక్కున్నారు" అంది అక్క. "దానికే నేను రెండు రోజులు మీతో మాట్లాడలేదు."

బావ ఒక కుర్చీని లేపి నిలబెట్టాడు. అక్క అందులో కూర్చుంది. ఇక తనక్కడ ఉండకూడదనిపించి పుస్తకాలమ్మ చెప్పులేసుకుంది.

కొన్నాళ్ళకు బావ మోటార్లు బాగుచేసే షెడ్డులో చేరాడు. అంతా నేల మీద పనే. జీతం తక్కువైనా నిద్ర పడుతోందట. నిప్పులు పోశావన్న మాటను అక్క వెనక్కి తీసుకోలేదు, చెల్లెలు అడగనూ లేదు. కానీ పుస్తకాలమ్మ లోపల ముల్లు ఒకటి మిగిలింది. బావ పని మానేసినందుకు కాదు, ఆ పుస్తకంలో పేజీ కూడా తిప్పనందుకు. అంత చిన్న సంగతికి ఇంకా బాధపడుతున్నానా అని ఆమెకే చిరాకు.

మొన్న చుట్టాలింటికి అయిదో అంతస్తుకు వెళ్ళాల్సి వస్తే, బావ మెట్లవైపు తిరిగాడు. అక్క లిఫ్టు ముందు ఒక్క క్షణం నిలబడి, నొప్పి పెట్టే తన మోకాళ్ళను తిట్టుకుంటూ అతని వెనకే మెట్లెక్కింది.