మా వాడలో ముసలితనం లేదు

మా వాడలో ముసలితనం లేదు. ఇది నేను కోస్తున్న కోత కాదు, సర్కారు దగ్గరున్న లెక్క. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో మోకాళ్ళు అరగదీసుకుని, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దారిలో రెండు గదులు కట్టుకున్న మా ముసలివాళ్ళంతా తమ పనులు తామే చేసుకుంటారట. చేసుకోలేని వాళ్ళను ఇంట్లోవాళ్ళు కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటారట.

ఆ లెక్క ఎలా పుట్టిందో నేను కళ్ళారా చూశాను.

మూడేళ్ళ కిందట నిహారిక అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల పిల్ల, మాటేమో కోస్తా మాట. ముసలివాళ్ళ బతుకు మీద యూనివర్సిటీ వాళ్ళు చేసే పరిశోధన కోసం ఇల్లిల్లూ తిరిగి అడుగుతోంది. మా దగ్గర ఒక రివాజుంది. కొత్త మనిషి ఒక ఇంటికొచ్చి ఏదైనా రాసుకుంటుంటే వాడ మొత్తం ఆ వాకిట్లో చేరాలి. చేరకపోతే ఆ ఇంటిని చిన్నచూపు చూసినట్టే.

మొదట ఐలన్నను అడిగింది. "తాతగారూ, ఆగకుండా కొంచెం దూరం నడవగలరా?"

"కొంచెమా? జాతరకు ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాంక ఉరుకుత! బస్సోడు హారన్ గొట్టి నన్ను సైడ్ అడుగుతడు బిడ్డా!"

ఈ మాట గోడ పట్టుకుని లేస్తూ అన్నాడు. అందరం నవ్వాం. ఆ పిల్ల కూడా నవ్వి, నడవగలడని నొక్కేసింది.

తరువాత బక్కమ్మ. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమెకు మంచమే లోకం. కొడుకు పోయాడు. కోడలు జ్యోతి మందుగోలీల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసి ఇల్లు నడుపుతుంది. దొంగల భయానికి బయట తాళం వేసి పోతుంది. వాడలో ఆడవాళ్ళంతా షిఫ్టుల్లోనే ఉంటారు కాబట్టి, జ్యోతి తిరిగొచ్చేదాకా ముసలామెను లేపి మరుగుదొడ్డికి తీసుకుపోయే దిక్కుండదు. ఇది మాకందరికీ తెలుసు. కానీ ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు. జ్యోతి చాయ్ గ్లాసులతో గడపలో నిలబడి ఉంది. వాకిలి నిండా జనం.

"అమ్మమ్మగారూ, పగలు మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు? స్నానానికీ, బాత్రూముకీ?"

"నా కోడలుంటది బిడ్డా. ఏ రంది లేదు. నన్ను కాలు కింద పెట్టనియ్యదు."

"అవు మల్ల, మంచంల మహారాణి మా వదిన!" అన్నాడు ఐలన్న. మళ్ళీ నవ్వులు. జ్యోతి తల వంచుకుని గ్లాసులు పంచింది.

ఆ జవాబులు పైకి వెళ్ళాయి. ప్రొఫెసర్లు కూడి, తీసి, తేల్చారు. అది చూసి సర్కారు, పగటిపూట దిక్కులేని ముసలివాళ్ళకు కేంద్రాలు పెట్టింది. పొద్దున బండి వచ్చి తీసుకుపోతుంది, లేపి నడిపించే ఆయాలుంటారు, నర్సుంటుంది, అన్నం పెట్టి సాయంత్రం దింపుతారు. ఈ కబురు మా వాడకు చేరేసరికి బండికి ఏసీ వచ్చింది, నర్సు కేరళ నుంచి దిగింది, అన్నంలోకి రోజూ మటన్ వచ్చింది. ఐలన్న పళ్ళు కట్టించుకుందామని బయల్దేరబోయాడు. జ్యోతి ఒక్కటే అడిగేది: "బండి మన గల్లీలకు గూడ వస్తదా?"

రాలేదు. అవసరం ఎక్కువగా ఉందని లెక్క తేలిన మండలాలకు వెళ్ళింది.

మొన్న నిహారిక రెండో విడత ప్రశ్నలకు వచ్చింది. షిఫ్టు నడుస్తున్న వేళ, వాడ ఖాళీ. బక్కమ్మ ఇంటికి తాళం. మంచం కిటికీ పక్కనే కాబట్టి ఆ పిల్ల ఊచల దగ్గర నిలబడింది. నేను ఎదురరుగు మీద ఉన్నాను. నాకు చెవుడని బక్కమ్మ నమ్మకం. ఇన్నేళ్ళుగా ఆ నమ్మకాన్ని నేను చెడగొట్టలేదు.

"గల్లీల ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది బక్కమ్మ.

"ఎదురుగా ఒక తాతగారున్నారు."

"గా చెవిటోడా? ఉంటే ఉండనీ. ఇగ అడుగు."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"పొద్దటి సంది నీళ్ళు తాగ బిడ్డా. తాగితే లేవాలె. లేసుడు నాతోని కాదు. పక్క తడిస్తే, గా పిల్ల డ్యూటీ నుంచి వచ్చుడుతోనే నా గుడ్డలు పిండాలె. అందుకే నోరు కట్టుకున్న."

"పోయినసారి ఇలా చెప్పలేదు కదా! ఇక్కడ అందరూ మమ్మల్ని చూసేవాళ్ళున్నారనే చెప్పారు. అందుకే కేంద్రం ఇటు రాలేదు."

"గంతమంది ముంగట, కోడలు నిలబడి సూస్తుండంగ, నన్ను సూసేటోళ్ళు లేరని ఎట్లంట? దాని మొఖం అది ఏడ పెట్టుకుంటది?"

అమ్మాయి ట్యాబ్ కిందికి దించింది. "అందరి ముందూ అడగడం మా తప్పే," అంది. "ఇప్పుడు చెప్పింది రాసుకోనా?"

"రాస్కో. కోడలు మంచిదని గూడ రాయి."

"దానికి ప్రశ్న లేదండీ."

"లేకుంటే పెట్టు. ఇగ బండి ఎప్పుడొస్తది?"

"అన్ని ఊళ్ళూ అయ్యి, లెక్క తేలి, ప్రభుత్వం చూడాలి... పోయినసారి రెండేళ్ళు పట్టింది."

"రెండేండ్లా!" అంది బక్కమ్మ. "పోనీ, జ్యోతికి అక్కరకొస్తదేమో. దానికి ఇప్పటి నుంచే మోకాళ్ళు గుంజుతున్నయ్."

ఎండకు పైకప్పు రేకులు చిటపటమంటున్నాయి. నిహారిక సంచిలోంచి చల్లటి నీళ్ళ సీసా తీసి ఊచల సందులోంచి అందించింది. బక్కమ్మ దాన్ని చెంపకు ఆనించుకుంది, నుదుటికి ఆనించుకుంది. మూత తీయకుండానే తిరిగిచ్చేసింది.

"జ్యోతి డ్యూటీ ఇంక దిగలే బిడ్డా."