రిపోర్టు వచ్చేదాకా

"ఇదేంటమ్మాయ్, నీ మెడ దగ్గర గట్టిగా తగులుతోంది?" అంది అత్తగారు, కోడలి మెడ చుట్టూ రెండు చేతులూ పెనవేసి, మంచం మీంచి సగం లేస్తూ.

అప్పుడు ఆగడానికి వీల్లేదు. సగంలో వదిలేస్తే ఇద్దరూ పడతారు. ఆమె ఊపిరి బిగబట్టి పెద్దావిడని లేవదీసి, కుర్చీలో కూర్చోబెట్టి, నడుం వెనక దిండు సర్ది, చీర కుచ్చిళ్లు సరిచేసింది. అత్తగారికి తుంటి విరిగి ఆపరేషనైన దగ్గర్నుంచీ ఇంట్లో తెల్లవారడమంటే ఇదే. పళ్లు తోమించి, మొహం కడిగి, కాఫీ చేతికిచ్చాక గానీ ఆమెకు అద్దం ముందుకెళ్లే తీరిక దొరకలేదు. గొంతుకి ఎడమపక్క, చర్మం కింద, గోళీకాయంత గడ్డ. వేలితో నొక్కితే నొప్పి లేదు. పక్కకి జారి మళ్లీ తన చోటికొచ్చి కూర్చుంది. ఎన్నాళ్ల నుంచి ఉందో! రోజూ కుంకుమ పెట్టుకునే అద్దమే. బొట్టు చూసుకుంది గానీ దానికింద ఏముందో ఎప్పుడూ చూసుకోలేదు.

"బిళ్ల కట్టి ఉంటుంది. జలుబు చేస్తే కడతాయి," అన్నాడు భర్త, గడ్డం గీసుకుంటూ, ఇటు తిరక్కుండానే. "కాపడం పెట్టుకో, కరిగిపోతుంది. అన్నట్టు నా నల్ల సాక్సు ఒకటే కనబడుతోంది, రెండోదేదీ?"

కాపడం పెట్టుకుంది. కరగలేదు. జలుబూ లేదు.

ఆమె పనిచేసేది కళ్లజోళ్ల దుకాణంలో. ఎటు తిరిగినా అద్దాలే. ఎవరి ముక్కుకైనా ఫ్రేము సరిచూడటానికి వంగితే చాలు, వాళ్ల మొహం పక్కన తన మెడ కనబడేది. ఇన్నేళ్లూ ఆ అద్దాల్లో తనని తాను చూసుకోకుండా ఎలా నెట్టుకొచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. నాలుగు రోజులు పోయాక యజమాని పక్కకి పిలిచి, చాలా మర్యాదగా, "ఏమీ అనుకోకండమ్మా, ఓ స్కార్ఫ్ లాంటిది కట్టుకోండి. వచ్చినవాళ్లు జోడు చూసుకోవాలి గానీ..." అని మిగతాది మింగేశాడు. "అలాగే సార్," అంది. ఏమైనా అనిపించాలి కదా అని కాసేపు ఎదురుచూసింది. ఏమీ అనిపించలేదు. మధ్యాహ్నం బయటికెళ్లి బూడిదరంగు స్కార్ఫ్ కొనుక్కుంది. రంగు కూడా ఎంచుకోలేదు, చేతికి అందింది తీసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష కోసం గడ్డలోకి సూది గుచ్చే ముందు, "కాసేపు మాట్లాడొద్దు, మింగొద్దు," అని చెప్పింది. మాట్లాడకుండా ఉండటం ఆమెకి అలవాటే. మింగకుండా ఉండటమే కష్టమైంది. బల్ల మీద పడుకుని, పైకప్పు మీది తడి మచ్చని చూస్తూ, గొంతులోకి తన్నుకొస్తున్నదాన్ని అక్కడే ఆపి పెట్టింది. ఆ కాసేపట్లోనే, ఇప్పటిదాకా మింగినవన్నీ ఒకటొకటే గుర్తుకొచ్చాయి. 'మీవాళ్లు నీకు పని నేర్పలేదు,' 'కళ్లజోళ్లు తుడవటం కూడా ఓ ఉద్యోగమేనా,' 'నీకేం, నువ్వు గట్టిదానివి.' అన్నిట్లోకీ ఆ చివరిదే బరువు. గట్టిదానివి అని ఒకసారి అనిపించుకున్నాక ఇక మెత్తబడటానికి దారుండదు.

"రిపోర్టు రావడానికి వారం పడుతుంది. అందాకా మెడ మీద భారం పడనివ్వకండి. ఇంట్లో బరువులెత్తే పనేమైనా ఉందా?"

"లేదండీ," అనేసింది. మెట్లు దిగుతుంటే గాని అత్తగారు గుర్తుకు రాలేదు. ఆవిడ బరువు కిందికి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇంటిపనిలో కలిసిపోయింది.

వెనక్కి వెళ్లి, అత్తగారిని ఎత్తి లేపొచ్చా అని అడిగింది. డాక్టరమ్మ కళ్లద్దాల పైనుంచి చూసి, "ఇంకెవరూ లేరా ఇంట్లో?" అంది.

ఆ విధంగా మర్నాటి నుంచి తల్లిని లేపే పని భర్త మీద పడింది. మొదటిరోజు ఎటు పట్టుకోవాలో తెలియక చంకల్లో చేతులు పెట్టి లాగాడు. "ఒరేయ్, నేను మూటననుకున్నావా!" అని అరిచింది తల్లి. మెడ వంచి, ఆవిడ చేతులు వేసుకునేదాకా ఆగి, మోకాళ్లతో లేవాలని ఆమె గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. రెండో రోజుకి అతనికి నడుం పట్టేసింది. మూడో రోజుకి ఆ సంగతి చుట్టాలందరికీ తెలిసింది. ఆడపడుచు ఫోన్ చేసి, "అన్నయ్య అమ్మని చేతుల మీద పెట్టుకు చూస్తున్నాడటగా, అలాంటి కొడుకు ఎందరికుంటాడు వదినా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పక్కింటావిడ గోడ మీంచి, "మీ ఆయన బంగారమండీ," అంది. "అవునండీ," అంది ఆమె, బట్టలారేస్తూ. ఏడాదిన్నర తను చేస్తే అది పని. మూడు రోజులు ఆయన చేస్తే సేవ. కోపం రావాల్సిన చోటు అదేనని తెలుసు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు మనసుని గిల్లి చూసుకుంది. రాలేదు.

భయం కూడా రాలేదు. పొద్దున్నే ఇంకాసేపు పడుకుని, పక్కగదిలో తల్లీకొడుకుల తగువు వింటూ, దుప్పటి అంచు గొంతుదాకా లాక్కునేది. ఒంటికి అంత హాయిగా ఉండి చాలా కాలమైంది. రోగం వచ్చిందేమోనన్న దిగుల్లో ఉన్న మనిషి ఇంత బాగా నిద్రపోవచ్చా అని ఒక్కటే చిన్న సందేహం.

ఓ సాయంత్రం తల దువ్వుతుంటే అత్తగారు ఉన్నట్టుండి, "నీకేమన్నా అయితే నా గతేంటే?" అంది. దువ్వెన ఆగింది. పెద్దావిడ కూడా తన మాటకి తనే నాలిక కరుచుకుంది. "తప్పుగా అనుకోకు. నోరు జారింది. నేనూ మా అత్తని ఇలాగే ఎత్తాను, తొమ్మిదేళ్లు. ఆవిడా ఇదే మాట అంది నాతో."

"మరి మీరేం చేశారత్తయ్యా?"

"ఏం చేస్తాను? ఎత్తాను. నాకు ఏ రోగమూ రాలేదు మరి, మానేద్దామంటే."

ఆమె జడ అల్లడం పూర్తిచేసింది. అత్తగారు ఆ మాట నవ్వులాటకి అనలేదు.

రిపోర్టు రోజున భర్తకి ఆఫీసులో మీటింగు. ఒక్కతే వెళ్లింది. డాక్టరమ్మ కాగితం తిప్పి చూసి నవ్వింది. "మామూలు గడ్డేనమ్మా. కేన్సర్ లాంటిదేమీ కాదు. ఆరు నెలలకోసారి చూపించుకోండి చాలు. ఇక నిశ్చింతగా మీ పనులన్నీ చేసుకోవచ్చు."

థాంక్సండీ అని చెప్పి బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. 'హమ్మయ్య' కోసం ఆగింది. అది రాలేదు. దాని బదులు, ఇచ్చిన సెలవు ఎవరో వెనక్కి లాక్కున్నట్టనిపించింది. అలా ఎందుకనిపించిందో తెలిశాక, ఇన్నాళ్లూ రాని భయం ఒక్కసారిగా వచ్చింది. పొద్దున్నే ఇంకాసేపు పడుకోవడం కోసం తను ఆ గడ్డ చెడ్డదే కావాలని కోరుకుంది. ఒక్కరోజు కాదు, వారమంతా కోరుకుంది.

ఫోన్ మోగింది.

"ఏమన్నారు?" భర్త గొంతులో నిజంగానే కంగారుంది.

రిపోర్టు ఇంకా రాలేదనొచ్చు. ఇంకో వారం దొరుకుతుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"ఏమీ లేదటండీ. మామూలు గడ్డే."

"హమ్మయ్య! చంపేశావు కదే ఈ వారం రోజులూ. అమ్మకి చెప్తానుండు. నా నడుం కూడా బతికిపోయింది. ఇక రేపట్నుంచి మామూలేగా?"

ఆమె మెడకున్న స్కార్ఫ్ విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"అత్తయ్యని రోజు విడిచి రోజు లేపుతాను. రేపు మీ వంతు."

"అదేంటి, ఏమీ లేదన్నావుగా?"

"లేదు," అంది ఆమె. "ఏమీ లేకపోయినా."