కడగని చేతులు

లాండ్రీ ఆవిడకి ఆగడమంటే తెలియదు. చొక్కా మీద మరక కనిపించిందా, కొట్టు కట్టేసే వేళైనా సరే దాని అంతు చూడాల్సిందే. "ఆలస్యం అమృతం విషం" అనే మాట రోజుకి పదిసార్లు ఆవిడ నోట వినబడేది. ఇక చేతులు ఎన్నిసార్లు కడుక్కునేదో లెక్కే లేదు. అలాంటి మనిషికి దొరికిన మొగుడేమో వాచీలు బాగుచేసేవాడు. ఆవగింజంత మర ఒక్కటి బిగించడానికి పూటంతా కూర్చుంటాడు, మహానుభావుడు! ఇద్దరివీ పక్కపక్క కొట్లు, పైన కాపురం. "మా ఆయన వెనకాల నడిస్తే నత్తకి కూడా విసుగొస్తుంది" అని ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది.

ఆయన జెర్బిళ్ళని పెంచేవాడు. అరచేతిలో ఇమిడే ఎలుక జాతి ప్రాణులవి, తోక చివర చిన్న కుచ్చు ఉంటుంది. గాజు తొట్టెలో నల్లోడు, బూడిదోడు అని ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. బూడిదోడు పోయాడు. ఆ రోజు నుంచి నల్లోడు మూలన ముడుచుకున్నాడు. పొద్దుతిరుగుడు గింజ ముక్కు దగ్గర పెట్టినా కన్నెత్తి చూడలేదు. నిమిరితే ఎముకలు చేతికి తగులుతున్నాయి.

"తోడు లేకపోతే వీడు బతకడే" అన్నాడు వాచీల ఆయన. ఆ గొంతు విని ఆవిడ కూడా తొట్టె దగ్గరికి వచ్చింది. నల్లోడంటే ఆవిడకీ ప్రాణమే, పైకి ఒప్పుకోదు గానీ.

మర్నాడు ఆయన గోధుమరంగు పిల్లజెర్బిల్‌ని తెచ్చాడు. ఆవిడ చూడగానే దానికి అల్లుడుగారని పేరు పెట్టేసింది.

"ఇంకేం, కలిపేయండి!"

"ఇప్పుడే కలిపితే చంపుకుంటారు. వీళ్ళకి వాసనే చుట్టరికం. తన వాసన లేనివాడు పగవాడే."

తొట్టె మధ్యలో ఇనుప వల అడ్డం పెట్టాడు. అటు నల్లోడు, ఇటు అల్లుడుగారు. రోజుకి మూడుసార్లు ఇద్దరినీ అటూ ఇటూ మార్చేవాడు. వీడి గూట్లో వాడూ, వాడి గూట్లో వీడూ పడుకుని పడుకుని ఇద్దరి వాసనా ఒకటి కావాలట. మొదట్లో వల కొరుకుతూ ఒకరి మీదికొకరు దూకారు. ఎనిమిదో రోజుకి వలకి చెరో పక్కా వీపులు ఆనించి పడుకున్నారు. నల్లోడు రెండు గింజలు తిన్నాడు కూడా.

"ఇంకో రెండ్రోజులు చూద్దాం" అన్నాడు ఆయన.

ఇంకో రెండ్రోజులా! ఆ మధ్యాహ్నం ఆయన గోడగడియారం పని మీద బయటికెళ్ళాడు. ఆవిడ తొట్టెలోకి చూస్తే ఎనిమిది రోజుల చెత్త. కొత్తల్లుడు కాపురముండే ఇల్లు ఇలాగేనా ఉండేది? ఇద్దరినీ చెరో డబ్బాలో పెట్టింది. తొట్టెని సబ్బుతో తోమి, వేణ్ణీళ్ళతో కడిగింది. పాత గూళ్ళు పారేసి కొత్త రంపంపొట్టు పోసింది. ఆయన వచ్చి చూసి మురిసిపోవాలని, వల తీసేసి ఇద్దరినీ అందులోకి వదిలింది.

అంతే. ఇద్దరూ ఒక్క బంతిలా పెనవేసుకుని దొర్లారు. కీచుమంటూ అరుపులు. ఆవిడ తలప్రాణం తోకకొచ్చింది. సరిగ్గా అప్పుడే మెట్లెక్కి వచ్చిన ఆయన ఉత్త చెయ్యి మధ్యలో పెట్టాడు. నల్లోడి చెవి చీరుకుపోయింది. ఆయన కుడి బొటనవేలిలో పళ్ళు లోతుగా దిగాయి, అదే పని చేసే వేలు.

ఆవిడ ఏడుస్తూ కట్టు కట్టింది. "తిట్టండి! నన్ను నాలుగు తిట్టండి!"

"మరక పడిందని బట్ట పారేస్తావా? వాసన కడుక్కుపోయిందంతే, మళ్ళీ మొదట్నుంచి చేద్దాం." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "కానీ ఈ చేత్తో నేను ఎత్తలేను. నువ్వే మార్చాలి. ఒకణ్ణి దించాక చేతులు కడగకుండానే రెండోవాణ్ణి ఎత్తు. వీడి వాసన వాడికి నీ చేతులే మోయాలి."

మొదటి రోజు ఆవిడ చెయ్యి పెట్టగానే నల్లోడు పారిపోయాడు. పక్కన పీట మీద కూర్చున్న ఆయన, "పట్టుకోకు. చెయ్యి చాపి ఊరికే ఉండు, వాడే వస్తాడు" అన్నాడు. అరగంట పట్టింది. గంటకి నలభై చొక్కాలు ఇస్త్రీ చేసే మనిషికి అరగంట! భుజం లాగేసింది, నడుం పట్టేసింది. చివరికి నాలుగు చల్లని కాళ్ళు అరచేతిలోకి ఎక్కేసరికి ఆవిడ ఊపిరి బిగబట్టింది.

అమ్మో, ఈయన ముప్ఫై ఏళ్ళుగా పొద్దస్తమానం చేస్తున్నది ఇదా! ఊపిరి బిగబట్టి, ఆ చిన్న మర తనంతట తాను చోటులో కూర్చునేదాకా కాచుకోవడమా! తనైతే ఒక్కరోజు చేయలేదు. ఇన్నాళ్ళూ ఎంత గొప్పవాణ్ణి పట్టుకుని నత్త అంది! ఆవిడకి నిజంగానే సిగ్గేసింది. ఆ రోజు నుంచి కొట్లో ఎవరితోనూ ఆ మాట అనలేదు.

నల్లోడు మళ్ళీ తిండి మానేశాడు. ఆవిడ రోజుకి మూడుసార్లు చెయ్యి చాపి కూర్చుంది. ఒక్కసారీ తొందరపడలేదు, ఒక్కసారీ మధ్యలో కుళాయి వైపు పోలేదు. పన్నెండో రోజు పొద్దున ఆయన తలూపాడు. ఆవిడే వల తీసింది.

నల్లోడు ఒక్క దూకులో అల్లుడుగారి మీద పడ్డాడు. పిల్లవాడు వెల్లకిలా పడి కీచుమన్నాడు. ఆవిడ చెయ్యి గాల్లోకి లేచింది.

"ఆగు" అన్నాడు ఆయన మెల్లిగా.

ఆగింది. జన్మలో మొదటిసారి, చెయ్యి గాల్లోనే పెట్టుకుని ఆగింది. నల్లోడు అల్లుడుగారి మెడ వాసన చూశాడు. చెవి వాసన చూశాడు. తర్వాత ఆ చెవిని నాకడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఇద్దరూ ఒకే గూట్లో దూరారు. ఇంకాసేపటికి నల్లోడు బయటికొచ్చి, ఆవిడ వేళ్ళ మధ్య నుంచి గింజ లాక్కుని కటకటా కొరికాడు.

"ఇది నా వల్ల అయ్యేది కాదు" అన్నాడు వాచీల ఆయన, కట్టున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ. "నీ చేతులే కలిపాయి వీళ్ళని. ఇక వెళ్ళి కడుక్కో."

ఆవిడ రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"ఉండనివ్వండి కాసేపు" అంది, ఆయన పక్కన పీట మీద సర్దుకుని కూర్చుంటూ.