ఊపిరికి కచ్చాకుట్టు

“కళ్ళు మూసుకుంటే కీళ్ళవాతం పోతుందా? నేను రాత్రంతా మూసుకునే ఉంటున్నాను, నా మోకాళ్ళకేం ఒరిగింది?” అన్నారు అత్తగారు టీ ఊదుకుంటూ.

“పోదత్తయ్యా. పోతుందని ఎవరన్నారు?”

“మరెందుకే ఆ తపస్సు?” భర్త కోటుగుడ్డ బల్లమీద పరిచాడు. “సాయంత్రానికి నువ్విది కత్తిరించి పెట్టకపోతే కోటాయన నా మొహాన పేడ నీళ్ళే కొడతాడు.”

ఆమె ఆన్‌లైన్ ధ్యానం క్లాసులో చేరినప్పటినుంచీ ఇదే గొడవ. ఆమె నవ్వి, దారపురీళ్ళ డబ్బాకి ఫోను ఆనించింది.

ముందుగదే వాళ్ళ కుట్టు షాపు. కీళ్ళవాతానికి ఆమె మందులు వాడుతోందని ఇంట్లో అందరికీ తెలుసు. ఉబ్బిన బొటనవేలు కత్తెర పిడిలో దూర్చేటప్పుడు ప్రాణం ఎలా విలవిల్లాడుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరడిగినా “బాగానే ఉంది” అనేస్తుంది.

క్లాసులో అందరూ దీర్ఘరోగులే. మొదటిరోజు టీచరు నోటితో ఊపిరి వదలమంటే ఈమె వదల్లేదు. అలవాటుకొద్దీ పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని కూర్చుంది.

“ఊపిరికి కూడా కచ్చాకుట్టు వేసేశావా తల్లీ?” అని పడీపడీ నవ్వాడు కిడ్నీజబ్బు పెద్దాయన. అప్పటినుంచీ ఆయన నవ్వు వినడానికైనా క్లాసు తప్పేది కాదు.

ఇవాళ ఫోను తెరమీద ఆయన గడిలో ఖాళీ కుర్చీ కనిపించింది. వెనకనుంచి కూతురి గొంతు వినిపించింది.

“నాన్న మొన్న పోయారండీ. జన్మలో ఒక్కనాడు నొప్పని నోరు తెరిచిన మనిషి కాదు. ఈ క్లాసుకొచ్చాకే ‘ఇక్కడ నొప్పిగా ఉందమ్మా, కాస్త పట్టుకో’ అనడం నేర్చుకున్నారు. చివరిదాకా ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది.”

టీచరు అందరినీ ఎక్కడ నొప్పి ఉందో అక్కడే మనసు నిలపమంది. ఆమె కుడిచేతి మీద నిలిపింది. నొప్పి ఉన్నచోటే ఉంది. దాన్ని దాచే శ్రమ మాత్రం భుజాలమీంచి దిగింది.

క్లాసు అయ్యాక ఆమె కోటుగుడ్డమీద సుద్దగీత మొదలుపెట్టి, మధ్యలో ఆపి, భర్తనీ, అత్తగారినీ, కాజాలు కుడుతున్న కూతురినీ బల్ల దగ్గరికి పిలిచింది.

“ఇక కోట్లు నేను కత్తిరించను. చెయ్యి నొప్పిగా ఉంది, చాలా. గుర్తులు నేను పెడతాను, కత్తిరింపు మీ తండ్రీకూతుళ్ళది.”

భర్త ఏదో అనబోయి, ఆమె వేళ్ళ కణుపులు చూసి ఆమెకి కుర్చీ జరిపాడు. అత్తగారు వచ్చి పక్కన కూర్చుని ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నారు.

కోటుగుడ్డమీద సుద్దగీత సగంలో ఆగి ఉంది. పక్కనే ఆమె వదిలేసిన కత్తెర.