స్టామెన్క దాచిన బరువు

బాలింత ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళిన తల్లిని బెల్‌గ్రేడ్‌లో ఎవరూ మనిషిగా లెక్కచేయరు. జాగ్రెబ్‌లో ఉన్న స్టామెన్క కూతురికి తొలికాన్పు అయి మూడు రోజులైంది, ఆడపిల్ల. విమానాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి; అల్లుడు ముచ్చటపడి కొత్తగా వేసిన విమానానికి టికెట్టు పంపాడు గాని, సామాను పది కిలోలు మించకూడదట! పైగా విమానాల మైదానంలో పెట్టెల్తోపాటు మనుషుల్నీ కాటా ఎక్కించి తూచారు. స్టామెన్క బుద్ధిగా తూగింది, దిగింది. ఆ తరవాత కంచె దగ్గరికి వెళ్ళి, మొగుడి చేతిలోంచి పొగబెట్టిన పంది తొడ, మీగడ కుండ, తేనె సీసా అందుకుని పావడా కింద కట్టుకుంది. ఎవరి కంటా పడలేదు.

విమానం లేచింది. లేచిందన్న మాటే గాని పైకి పోదే! కింద కోళ్ళు చెదిరి పరుగెత్తడం కిటికీలోంచి కనబడుతోంది. పక్క సీటులోని ధాన్యం వ్యాపారి లాజిచ్, బరువెక్కువైతే ఇవి ఎగరలేవని, ఎక్కడో ఇలాగే ఒకటి చెట్లకు తగులుకుందని పెదవి విరిచాడు. స్టామెన్కకు ముచ్చెమటలు పోశాయి. ఏడుగురి ప్రాణాలు తన పావడాకి వేలాడుతున్నాయి. పసిగుడ్డు మొహమైనా చూడకుండా, ఆరుగురిని వెంటబెట్టుకుని పోవడమా! ఇక సిగ్గేమిటి, బిడియమేమిటి. అందరి ఎదుటే ముడి విప్పి, పంది తొడ పైకి లాగి, కిటికీ తెరిచింది.

ముందు, పైకప్పు లేనిచోట పైలట్ పక్కన కూర్చునే మెకానిక్ జివాన్, కిటికీ తెరుచుకోవడం చూసి కాబోలు, ముందున్న చిన్న తలుపులోంచి తల దూర్చాడు. ఇంజను హోరులో స్టామెన్క అతని చెవి దగ్గర అరవాల్సి వచ్చింది.

"తప్పు నాదే నాయనా. తూచాక కట్టుకున్నాను. ఇదిగో పారేస్తున్నా, పైకి పోనియ్యి."

"ఎందుకమ్మా పారెయ్యడం? మబ్బు కిందికి దిగింది. రైలు పట్టాలు కనబడకపోతే జాగ్రెబ్ ఎటుందో మాకేం తెలుస్తుంది? అందుకే ఇలా కిందగా పోతున్నాం."

"మరి ఈ బరువో?"

"తలగుడ్డ కట్టిన అమ్మమ్మ ఎవరెక్కినా కాటా దగ్గరే పదిహేను కిలోలు కలిపి రాసుకుంటాం. మీరే మరీ తక్కువ తెచ్చినట్టున్నారు."

లాజిచ్ పగలబడి నవ్వాడు. వెనక ముగ్గురూ నవ్వారు. స్టామెన్క పంది తొడను ఒళ్ళో పెట్టుకుని, ముందు బావురుమంది, ఆనక వాళ్ళతోపాటు తనూ నవ్వింది. హమ్మయ్య, మనవరాలిని ఎత్తుకోవచ్చు.