ఆమె కోరితే

సోమవారం మాకు సెలవు. సెలవంటే కాళ్ళు చాపుకుని కూర్చోడం అనుకునేరు. వారమంతా వీధులు తిరిగి తలుపులు కొట్టే మాకు ఆ ఒక్క పూట బట్టలుతుక్కోమని, సరుకులు తెచ్చుకోమని, ఇంటికి ఫోన్ చేసుకోమని వదిలేస్తారు. ఆ సోమవారం పొద్దున నేను చేస్తున్న పని వీటిలో ఏదీ కాదు. మగపిల్లల చొక్కాలకి బొత్తాలు కుడుతున్నాను. నాలుగు తెల్ల చొక్కాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మా తలుపు పిడికి తగిలించి పోయారు. లోపల ఒక చీటీ. "సిస్టర్స్, కాలర్ దగ్గర కొంచెం గట్టిగా ఇస్త్రీ చెయ్యండి. దేవుడు మీ సేవను దీవించుగాక." దేవుడి సంగతి తరవాత, సూది మాత్రం నా వేలిని అప్పటికే రెండుసార్లు దీవించింది.

చీటీ రాసింది ఈ చుట్టుపక్కల మిషనరీలందరికీ పైవాడు, మా జిల్లా నాయకుడు. వయసు పంతొమ్మిది. నాకు ఇరవై మూడు. మా సంఘంలో సువార్త పనికొచ్చిన మగపిల్లల్ని ఎల్డర్ అనాలి, అంటే పెద్ద. గడ్డం ఇంకా సరిగ్గా మొలవని పెద్ద. నేనూ నా జోడీ మాలో మేము అతన్ని పెద్దాయన అని పిలుచుకుంటాం. మమ్మల్ని చూస్తే వీధిలో జనం మోర్మన్ అమ్మాయిలొచ్చారంటారు, కొందరు లైటార్పేస్తారు. గుండెల మీద నల్ల బ్యాడ్జీ ఉంటుంది, దాని మీద ఇంటిపేరు ఒక్కటే. మా నాన్న ఇంటిపేరు. నాకంటూ ఉన్న పేరుని పద్దెనిమిది నెలలపాటు సూట్‌కేసులో పెట్టేశాను. ఇంతవరకు దాన్ని అడిగినవాళ్ళు లేరు.

నేను వెళ్తానన్న రోజు నాన్న అన్నమాట ఇది. "మగపిల్లాడు వెళ్తే బాధ్యత. ఆడపిల్ల వెళ్తే ముచ్చట. సరే, ముచ్చట తీర్చుకో." మగవాళ్ళకి రెండేళ్ళు, మాకు ఏడాదిన్నర. ముచ్చట కదా, త్వరగా తీరిపోవాలి. నాకోసం అనుకుని ఉంచిన సంబంధం ఒకటి ఉంది. ఆ కాబోయే అత్తగారు నేను బయల్దేరే ముందు మా ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. "సేవ చేసొచ్చిన పిల్లంటే మాకు ఇష్టమే వదినా. ఒకసారి ఒళ్ళు వంగడం అలవాటైతే ఇంట్లో కూడా వంగుతుంది." అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదని అమ్మ తరవాత నన్ను తిట్టింది. ఆ సోమవారం పొద్దున ఫోన్లో కూడా అదే పాట. "గుట్టుగా ముగించుకుని రా తల్లీ. ఎవరితోనూ మాటకి మాట వద్దు. నీ నోటి సంగతి నాకు తెలుసు." నా నోటి సంగతి నాకూ తెలుసు. దేవుణ్ణి నమ్మి వచ్చాను నేను, ఇప్పటికీ నమ్ముతున్నాను. నోరు కూడా ఆయనిచ్చిందే.

నా జోడీ గురించి చెప్పాలి. మమ్మల్ని ఇద్దరిద్దరిగా వేస్తారు. ఆమె ఎవరో ముందు తెలీదు, ఏ దేశమో తెలీదు, రాసి పంపుతారు. అప్పట్నించి ఒకరికొకరు కనపడుతూ, వినపడుతూ ఉండాలి. స్నానాల గది ఒక్కటే మినహాయింపు. నా జోడీ కోళ్ళ ఫారం వాళ్ళమ్మాయి, ఇరవై ఒక్కేళ్ళు, రూలంటే ప్రాణం. ఆరున్నరకి లెమ్మంటే ఆరూ ఇరవై తొమ్మిదికి కళ్ళు తెరిచి ఆ ఒక్క నిమిషం కోసం కాసుకుని ఉంటుంది. మొదటి నెల ఆమెని కిటికీలోంచి తోసెయ్యాలనిపించింది. తోస్తే నేనూ దూకాలి, కనపడుతూ ఉండాలి గదా, అందుకని మానేశాను.

మేం పిన్నీ అని పిలిచే ఆమె మాకు దొరికింది మూడో అంతస్తులో, లిఫ్టు పాడైన బిల్డింగులో. తలుపు తీసి, "మాట్లాడ్డానికి టైము లేదు, కావాలంటే ఈ కొసలు పట్టుకోండి," అంది. పగలు ఆసుపత్రి నేలమాళిగలో దుప్పట్లుతుకుతుంది, సాయంత్రం ఒక లాడ్జి దుప్పట్లు ఇంటికి తెచ్చుకుని మడతపెడుతుంది. రెండు చేతులతో పెద్ద దుప్పటి మడవడం ఎంత కష్టమో మడిచినవాళ్ళకే తెలుసు. మేమిద్దరం నాలుగు చేతులం. అలా మొదలైంది. మొదటి పాఠం పన్నెండు దుప్పట్ల మీద నడిచింది. వాళ్ళాయన బస్సు డ్రైవరు. సోఫాలోంచి లేవకుండానే, "ఈ పిల్లలకి సొంత కొంపల్లో పనుల్లేవా," అనేవాడు. దుప్పటి రెండో కొస మాత్రం ఆయన ఎన్నడూ పట్టుకోలేదు. మా భాషలో తన వయసు మనిషిని ఏమని పిలుస్తారని అడిగితే పిన్నీ అంటామని చెప్పాను. "సిస్టర్ గిస్టర్ మానేసి అదే పిలువు," అంది. నా జోడీ కూడా నాలిక తిరక్కపోయినా పిన్నీ అనే అంటుంది.

నాలుగు నెలలు. నా వచ్చీరాని ఆ ఊరి భాషలో మేం చెప్పింది వింది, వాదించింది, ప్రార్థన నేర్చుకుంది, మా సంఘంలో కాఫీ కూడదంటే అదీ మానేసి వారం రోజులు అందరి మీదా విసుక్కుంది. చివరికి శనివారం బాప్తిస్మం అని తేదీ పెట్టుకుంది. ఇక్కడితో మా పని అయిపోయింది. నీళ్ళలో ముంచే చెయ్యి మగవాడిదే అయ్యుండాలి. ఆమె అర్హురాలో కాదో ఇంటర్వ్యూ చేసి తేల్చేదీ మగవాడే, అంటే మన పెద్దాయన. మాది తువ్వాళ్ళు పట్టుకుని ఒడ్డున నిలబడే పని, తరవాత నేల తుడిచే పని.

ఆ సోమవారం సాయంత్రం ఇంటర్వ్యూలో ఏమడుగుతారో ముందే చెప్దామని వెళ్ళాం. వాళ్ళాయన డ్యూటీలో ఉన్నాడు. నేను ఒక్కో ప్రశ్నా చదువుతున్నాను, పిన్ని దుప్పటి మడుస్తూ తలూపుతోంది. దేవుణ్ణి నమ్ముతున్నావా, నమ్ముతున్నాను. తప్పులకి పశ్చాత్తాపపడ్డావా, రోజూ అదే పని. తరవాతి ప్రశ్న చదివాను. ఎప్పుడైనా గర్భస్రావం చేయించుకున్నావా. దుప్పటి ఆమె చేతుల్లో సగం మడతలో ఆగిపోయింది.

"ఇది కూడా అడుగుతాడా ఆ పిల్లాడు?"

"అడుగుతాడు పిన్నీ."

ఆమె దుప్పటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇరవై ఏళ్ళయింది. చిన్నదానికి పాలు మానిపించి నెల కాలేదు. మళ్ళీ కడుపు. మా ఆయనకి చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. ఆసుపత్రిలో పని గదా, ఎవర్ని అడగాలో తెలుసు. పొద్దున వెళ్ళాను, మధ్యాహ్నం షిఫ్టులో దిగాను. ఒంట్లో ఓపిక లేక చేశానమ్మాయ్. ఇద్దర్నీ నేనే పెంచాలి, దుప్పట్లూ నేనే ఉతకాలి." ఒళ్ళో దుప్పటి అంచు సరిచేస్తూ అంది, "దేవుడికి చెప్పుకున్నాను. ఆయనతో నాకు పేచీ లేదు. ఈ గడ్డం రాని వాడికి చెప్పుకోవాలా? మా పెద్దది వాడికన్నా ఐదేళ్ళు పెద్దది."

నా జోడీయే మెల్లగా చెప్పింది. "అవునంటే చాలు పిన్నీ. ఆయన వివరాలు అడక్కూడదు, రూలు. పై అధికారికి పంపాలి. ఆయనొచ్చి మాట్లాడతారు."

"పై అధికారి ఆడమనిషా?"

ఇద్దరం ఆమె ఒళ్ళోని దుప్పటి చెరో కొసా అందుకుని మడత పూర్తి చేశాం.

నేను ఇక్కడికి రాకముందు నన్నూ ఇంటర్వ్యూ చేశారు. మా సంఘం పెద్ద, నాన్న స్నేహితుడు, నాకు బాబాయి వరస. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. తలుపు మూసి, బల్లకి అవతల కూర్చుని, పవిత్రంగా ఉంటున్నావా అని అడిగాడు. ఆ మాటకి అర్థం ఏమిటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఉంటున్నానని చెప్పాను. నిజమే చెప్పాను. అయినా ఒళ్ళంతా సెగ పుట్టింది. గోడకి అవతల అమ్మ కూర్చుని పత్రిక తిరగేస్తోంది. తప్పు చేసినవాళ్ళకి సిగ్గు ఉంటుందంటారు, మరి చెయ్యనిదానికి నాకెందుకు ఉండాలి? ఏడాది తిరిగినా ఆ గది తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఇప్పుడు ఇంకో గది, ఇంకో బల్ల. అవతల కూర్చునేవాడు నేను చొక్కాకి బొత్తాం కుట్టి పెట్టినవాడు.

మర్నాడు పొద్దున చదువుకునే గంటలో బోధన పుస్తకం పక్కన పెట్టి సంఘం నిర్వహణ పుస్తకం తెరిచాను. అది మా ఫోన్లోనే ఉంటుంది. దాచిపెట్టిందేం కాదు, ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరూ చదవరు. ఇంటర్వ్యూల దగ్గరికొచ్చి ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివాను. ఉంది. ఆడమనిషిని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఆమె కోరితే వయసొచ్చిన మరొకరు, ఆడైనా మగైనా, ఆ గదిలో ఉండవచ్చు. అంతే, ఒక్క వాక్యం. ఆ వాక్యం ఉందని నాకెవరూ చెప్పలేదు. అమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అమ్మ గోడకి అవతల కూర్చోవలసిన పని లేదు. ఆ పేజీని నా జోడీ ముందు పెట్టాను. మూడుసార్లు చదివింది. "రూలే," అంది, ఏదో పోగొట్టుకున్నది దొరికినట్టు.

ఆ వాక్యం పిన్నికి చదివి వినిపించి, నువ్వే పక్కన ఉండమని ఆమె కోరాక పెద్దాయనకి ఫోన్ చేశాను.

"అవసరం లేదు సిస్టర్. ఐదు నిమిషాల పని. ఆమె అడగలేదు కదా."

"అడిగింది."

"మీరు అడిగించారు."

"పుస్తకంలో ఉందని చెప్పాను. పుస్తకం చదివి వినిపించడమే కదా మన ఉద్యోగం."

"ఈ నెలకి మన జిల్లాలో ఇదొక్కటే బాప్తిస్మం. తొట్టిలో నీళ్ళు నింపమని చెప్పేశాను కూడా. మీరు దీన్ని క్లిష్టం చేస్తున్నారు." గొంతు తగ్గించి, "వినయం కోసం ప్రార్థన చెయ్యండి సిస్టర్," అన్నాడు. చేశాను. చేసి గురువారం పిన్నితో ఇంటర్వ్యూకి వెళ్ళాను.

చర్చిలో చిన్నపిల్లలకి ఆదివారం పాఠాలు చెప్పే గది అది. గోడకి రంగు కాయితాల గొర్రెపిల్లలు. కుర్చీలన్నీ మోకాలెత్తువి. పెద్దాయన ఉన్న ఒక్క పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని పిల్లల కుర్చీలో ఒదిగింది, నేను ఆమె పక్కన ఇంకో పిల్లల కుర్చీలో. మా వెనకాలే నా జోడీ కూడా వచ్చి మూడో కుర్చీ లాక్కుంది.

"ఒకరే కదా ఉండొచ్చు," అన్నాడు పెద్దాయన.

"ఈమెని నేను వదలకూడదు ఎల్డర్," అంది నా జోడీ. "కనపడుతూ వినపడుతూ ఉండాలి. రూలు."

ఏడాదిగా ఆ పిల్లని నా కాలికి కట్టిన గొలుసనుకున్నాను. ఆ నిమిషాన ఆమెని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

అతను ప్రశ్నలు చదివాడు. ఆ ప్రశ్న దగ్గర కాయితంలోంచి తలెత్తలేదు. పిన్ని, "అవును," అంది. ఒక్క మాటే. అతని మొహం కందగడ్డైంది. అక్కడితో ఆపాలి. ఆపలేదు. పెన్ను తీసి, "ఎప్పుడు జరిగింది? మీ భర్తకి తెలుసా?" అన్నాడు.

పిన్ని చెయ్యి నా చెయ్యి మీదకొచ్చింది. ఆవిరికి కాలీ కాలీ మొద్దుబారిన చెయ్యి, చల్లగా ఉంది.

"అది మీరడగకూడదు," అన్నాను.

"సిస్టర్, మీరు సాక్షి మాత్రమే. మాట్లాడకూడదు."

"సాక్షి మాట్లాడకపోతే గోడ చాలు, నేనెందుకు? అవునంది. పైకి పంపండి. మీ పని అయిపోయింది."

అతను ఫోన్ తీసి ప్రెసిడెంటుకి చేసి జరిగింది చెప్పాడు. ఆయన మా అందరి మీదా అధికారి, యాభై దాటినవాడు, మాట మెత్తన. పెద్దాయన ఫోన్ని బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా మీట నొక్కాడు. నా పరువు తియ్యాలని కాబోలు.

"ఎల్డర్ ఉత్సాహం కొద్దీ అడిగి ఉంటాడు," అన్నాడాయన. "నేను మాట్లాడతాను అతనితో. శనివారం బాప్తిస్మం ఆపండి, వచ్చే గురువారం నేనే వస్తాను. ఆ సహోదరితో ఏకాంతంగా మాట్లాడితేనే ఆమె మనసు తేలికపడుతుంది. సిస్టర్, మీకు సోమవారం బదిలీ కాయితం వస్తుంది. చిన్న ఊరు, ప్రశాంతంగా ఉంటుంది. మీకు మంచిది."

మూడు వాక్యాల్లో నా నోరు కట్టేశాడు, అదీ ఎంతో ప్రేమగా. ఎదురు మాట్లాడితే బదిలీ కాదు, ఇంటికే పంపుతారు. మధ్యలో తిరిగొచ్చిన పిల్ల ఎందుకొచ్చిందో ఊరంతా తలో కథా అల్లుతుంది. ఆ సంబంధం పోతుంది, నాన్న చర్చిలో తలెత్తుకోలేడు, అమ్మ నన్ను చూసి ఏడుస్తుంది. ఇవన్నీ కళ్ళ ముందు తిరిగాయి, కాదనను. భయం వేసింది. పక్కన పిన్ని చెయ్యి ఇంకా చల్లగానే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఒక్కతే మోసిన మనిషి, ఇంకో తలుపు వెనక మళ్ళీ ఒక్కతే ఎందుకు కూర్చోవాలి?

"బదిలీ చెయ్యండి సర్, వెళ్తాను," అన్నాను. "గురువారం మాత్రం వచ్చి ఈమె పక్కన కూర్చుంటాను. అందుకు నన్ను ఇంటికి పంపించేస్తే, ఎందుకు పంపించారో అడిగినవాళ్ళందరికీ చెప్తాను. పిన్ని కథ చెప్పను, నా కథ చెప్తాను. ఇక ఎవరు ఉండాలో ఎవరు ఉండకూడదో నాతో కాదు, కోరాల్సిన మనిషితో మాట్లాడండి." ఫోన్ తీసి పిన్ని చేతిలో పెట్టాను.

పిన్ని దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు. రెండు చేతుల మధ్యా ఒడిసిపట్టుకుని దాంతోనే మాట్లాడింది. "అయ్యా, నేను. ఈ పిల్ల నా పక్కన ఉంటుంది. ఉండకూడదంటే మీ నీళ్ళు నాకొద్దు, దేవుడూ నేనూ ఇన్నాళ్ళూ మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటాం. ఉండొచ్చంటే టైము చెప్పండి, నేను షిఫ్టు మార్చుకోవాలి."

అవతల కాయితాలు తిప్పిన చప్పుడు.

"పదకొండు గంటలకి," అన్నాడాయన.

"సరే," అంది పిన్ని. "ముగ్గురం వస్తాం."