పచ్చి గుంజలు

నికాండ్రోకి తల్లి ఇచ్చిన నేలలో ఫాబియోలా అర్రెగిన్ అనే మనిషి నాలుగు తెల్ల బళ్ళు నిలబెట్టి, వాటిని కడిగిన బురదనీళ్ళు అతని గుమ్మంలోకే వదులుతోందని, అతను సరిహద్దు ఊరు తపాచులాలో చెవులున్న ప్రతివాడికీ రెండేళ్ళుగా చెబుతున్నాడు. ఎవరూ దొరకనప్పుడు వెల్డింగ్ మిషన్‌కి చెబుతాడు.

నికాండ్రో మూడో తరగతిలో బడి మానేసి, మూడు చక్రాల రిక్షాలకి అతుకులు వేసి బతుకుతున్నాడు. ఫాబియోలా అతని పక్కనే ‘ఆశల గూడు’ నడుపుతోంది. అమ్మానాన్నా తోడు లేకుండా నది దాటొచ్చి, ఈ దేశంలో ఆశ్రయం అడిగిన పిల్లలని అక్కడ ఉంచుతారు. గూడని ఎవడు పేరు పెట్టాడో గాని, గూట్లో పిట్ట అప్పుడప్పుడైనా బయటికొస్తుంది. ఇక్కడి పిల్లలు గేటు ముఖం చూడరు.

చదువుకున్న ఆడమనిషిని ఆ ఊళ్ళో ‘లిసెన్సియాడా’ అని పిలవాలి. నికాండ్రో ఆ మాటని గొంతులో చేపముల్లు కక్కినట్టు అంటాడు.

రెండేళ్ళ కిందట ఈ లిసెన్సియాడాయే అతని షెడ్డుకొచ్చి నిలబడింది.

“దోన్ నికాండ్రో, పిల్లలు పరిగెత్తడానికి జానెడు చోటు లేదండీ. మా వైపున్న మీ స్థలం రెండు నెలలు వాడుకోనివ్వండి. విరాళం రాగానే వెనకాల స్థలం కొనుక్కుంటాం.”

అంటూనే కళ్ళు తుడుచుకుంది. ఆవిడ కళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు తడుస్తాయి. ఊరి కొళాయికి కూడా అంత క్రమశిక్షణ లేదు.

నికాండ్రో పాత ఇనపతీగ పీకేసి, తొమ్మిది మీటర్లు ఇవతలికి జరిగి, తన చేత్తో కొత్త కంచె పాతాడు. ఎండు కర్రలైతే చెదలు తినేస్తాయని పెరట్లో గిరిపుష్పం కొమ్మలు పచ్చివే నరికి వరసగా దిగ్గొట్టాడు. అది మే నెల, రేపో మాపో వానలు. ఆ నేలలో, ఆ నెలలో పచ్చి గుంజ పాతితే ఏమవుతుందో అక్కడ పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. నికాండ్రోకీ తెలుసు. రెండు నెలల్లో పీకేసేదే కదా అనుకున్నాడు.

ఆగస్టుకి గుంజలన్నీ ఆకులేశాయి. మళ్ళీ ఫిబ్రవరిలో గులాబీ రంగు పూలు కూడా పూశాయి, వెక్కిరించినట్టు.

ఊరి ఉమ్మడి భూములకి ఎవరిస్తో అనేవాడు పెద్ద. నికాండ్రో పెళ్ళానికి తమ్ముడు. వచ్చి ఒక గుంజ పట్టుకుని ఊపాడు. అది కదల్లేదు. పడీపడీ నవ్వాడు.

“బావా, వేరు పట్టిన కంచే సరిహద్దు. తాతల నాటి కట్టుబాటు. నీ నేలకి నువ్వే పెళ్ళి చేసి అత్తారింటికి పంపావు.”

“నీ కట్టుబాటు తగలెయ్య! అరువిచ్చానురా!”

“అరువిచ్చేవాడు ఎండు కర్ర పాతాలి బావా.”

పోనీ పిల్లలైనా పరిగెత్తారా అంటే, అదీ లేదు. పరిగెత్తితే పడతారట. పడితే బాధ్యత ఎవరిదని రాజధాని నుంచి ప్రశ్న వచ్చిందట. నికాండ్రో తల్లి నాటిన మూడు రంబుటాన్ పళ్ళ చెట్లూ ఫాబియోలా కొట్టించి, కంకర పోయించి, నాలుగు తెల్ల బళ్ళు తెచ్చి నిలబెట్టింది. ఇంత కన్నీటికి ఇన్ని చక్రాలు మొలుస్తాయని నికాండ్రోకి అప్పటిదాకా తెలీదు. శుక్రవారం శుక్రవారం ఆడపిల్లల చేత ఆ బళ్ళు కడిగించేవాళ్ళు. దానికి ‘జీవన నైపుణ్యాలు’ అని పేరు. చేతిలో బకెట్టు పెట్టడానికి కూడా వీళ్ళకి ఒక చదువు కావాలి.

అలా కడిగేవాళ్ళలో దూనియా ఒకతి. హోండురస్ పిల్ల, పదిహేనేళ్ళది. తమ్ముడు ఓస్మాన్ చెయ్యి పట్టుకుని మూడు దేశాలు దాటి వచ్చింది. ఏ దొంగా, ఏ పోలీసూ విడదీయలేకపోయిన వాళ్ళని ఆశల గూడు ఒక్క పూటలో విడదీసింది. పన్నెండు నిండిన మగపిల్లాడు అక్కడ ఉండకూడదట. పుట్టినరోజున కేకు పెట్టి, తెల్లారి ఊరికి అవతలి కొసనున్న మగపిల్లల ఇంటికి పంపేశారు. నెలకోసారి అక్కని చూపిస్తాం, మానసిక నిపుణురాలు పక్కనుండాలి, బండి ఖాళీగా ఉండాలి అన్నారు. నాలుగు బళ్ళు నికాండ్రో నేలలో పగలంతా ఎండలో మాడుతుండేవి గాని, ఒక్కటీ ఖాళీ ఉండేది కాదు.

ఆ మగపిల్లల ఇంటివాళ్ళు శుక్రవారాలు నలుగురు కుర్రాళ్ళని పని నేర్పమని నికాండ్రో షెడ్డుకి పంపేవాళ్ళు. వాళ్ళలో ఓస్మాన్ వచ్చాడు. ఇనుము ఎటు పట్టుకోవాలో తెలీని మొద్దు.

“దున్నపోతా, అది సుత్తి. పాలసీసా కాదు!”

వాడు సుత్తి కింద పెట్టి కంచె వైపే చూస్తున్నాడు. అవతల బండి కింద నుంచి నురగ కారుతోంది. బండి వెనకాల, ఆఫీసు కిటికీకి కనిపించని చోట, దూనియా కూర్చుని ఉంది.

“ఒరే, ఇటు తిరిగి కూచో,” అంది గుంజల మధ్య నుంచి. “అబ్బ, ఏం జుట్టురా ఇది! అక్కడ గొర్రెలతో పడుకోబెడుతున్నారా?”

వాడు కంచెకి వీపు ఆనించి కూర్చున్నాడు. గుంజల సందులో అరచెయ్యి పడుతుంది. ఆ పిల్ల వంటింటి కత్తెరతో వాడి జుట్టు కత్తిరించింది. ఒక సందులోంచి కుడివైపు, పక్క సందులోంచి ఎడమవైపు.

“బీన్స్ పెడుతున్నారా?”

“పెడుతున్నారు. అమ్మ చేసినట్టు ఉండవు.”

“అమ్మ చేసినట్టు ఉండాలంటే అమ్మ ఉండాలి కదరా. తల తిప్పకు, చెవి పోతుంది.”

నికాండ్రో అటు చూడలేదు. మిగతా ముగ్గురు కుర్రాళ్ళు చూస్తుంటే బూతులు తిట్టాడు. ఆ తర్వాత శుక్రవారాల్లో ఓస్మాన్‌కి పని చెప్పడం మానేశాడు. ఎలాగూ పనికిరాడని పెళ్ళానికి చెప్పాడు.

కత్తెర కనబడటం లేదని వంటమనిషి గోల చేస్తే, వెతుక్కుంటూ వచ్చిన ఫాబియోలాకి ఒక శుక్రవారం బండి వెనకాల కంచె దగ్గర ఇద్దరూ దొరికారు. అరవలేదు. అరవడానికి మనిషికి కాస్త రక్తం ఉండాలి. “ఇది అనుమతి లేని కలయిక,” అని ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది. వారంలో లారీ నిండా ఇటుకలు దిగాయి.

ఆదివారం భూముల సభ. రేకుల పాక కింద ఊరంతా ఉంది. ఫాబియోలా తెల్లచొక్కా వేసుకుని వచ్చి, నికాండ్రో రెండేళ్ళుగా కలలు కన్న మాట తనే అనేసింది.

“దోన్ నికాండ్రో స్థలం దోన్ నికాండ్రోకి తిరిగి ఇచ్చేస్తున్నాం. పాత తీగ ఉన్నచోట మూడు మీటర్ల గోడ కట్టుకుంటాం. పిల్లల భద్రత కోసం.”

జనం చప్పట్లు కొట్టారు. ఎవరిస్తో కన్ను గీటాడు.

“పుట్టింటికి తిరిగొచ్చేసింది బావా. తీసుకో.”

నికాండ్రో లేచాడు. షెడ్డు పెంచుకోవచ్చు. మళ్ళీ రంబుటాన్ నాటుకోవచ్చు. పాత తీగ ఉన్నచోట గోడ లేస్తే, ఓస్మాన్ దాని ఇవతల కూర్చుని ఇటుకలకి వీపు ఆనించుకోవచ్చు.

“నాకొద్దు,” అన్నాడు.

“ఏంటీ?”

“కంచే సరిహద్దు. వేరు పట్టింది. నువ్వేగా చెప్పావు!”

“నీకు ఎండ దెబ్బ తగిలిందా బావా? ఆవిడ ఇస్తానంటోంది!”

“ఆవిడెవరు ఇవ్వడానికి? కట్టుబాటు చెప్పు. వేరు పట్టిన కంచె చెట్లు ఎవరివి?”

ఎవరిస్తో తల గోక్కున్నాడు. “ఇద్దరివీ.”

“నరకాలంటే?”

“ఇద్దరూ ఒప్పుకోవాలి.”

“దాని పక్కన గోడ కట్టాలంటే?”

“ప్రాణమున్న కంచెకి పది మీటర్ల లోపల గోడ... కట్టకూడదు.” అప్పటికి గాని అతనికి ఎక్కలేదు. నవ్వు ఆపుకోలేక టోపీ అడ్డం పెట్టుకున్నాడు.

ఫాబియోలా ముఖం ఆరిన సున్నంలా అయింది. “అయితే గోడ లేకుండా మా ప్రోటోకాల్...”

“బళ్ళు పెట్టుకోండి, లిసెన్సియాడా,” అన్నాడు నికాండ్రో. “కడిగించుకోండి కూడా. శుక్రవారాలు.”

“ఏడుపు వస్తే ఆపుకోకండి, మాకు అలవాటే,” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

కంచే సరిహద్దనేవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. అందరికంటే ముందు నికాండ్రోయే ఎత్తాడు. ఇంటికి వెళ్ళేసరికి పెళ్ళాం తలుపు వేసేసింది. అన్నం బయట గట్టు మీద పెట్టింది. కంచె వైపు తిరిగి తిన్నాడు.

పోయింది తూర్పు వైపు ముక్క. తొమ్మిది మీటర్ల వెడల్పు, ముప్ఫై ఒక్క మీటర్ల పొడుగు. రెండు వందల డెబ్బై తొమ్మిది చదరపు మీటర్లు.